మిగిల్చిన వాక్యాలు

ఆసుపత్రి, మాటల డాక్టరమ్మ గది బయట బెంచీ
మార్చి

చిరంజీవి కామాకి,

అక్క రాయునది. నువ్వు నా నంబరు ఆపేశావు కాబట్టి పోస్టు మీద పడ్డాను. పోస్టుమాన్‌ని ఆపే మీట ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఫోనెత్తినా లాభమేముందిలే, నీ హలో పూర్తయ్యేలోపు నా ఆపరేషన్ అయిపోయి కుట్లు కూడా విప్పేస్తారు.

అవును, ఆపరేషనే. గొంతులో గడ్డ. మాటపెట్టె మొత్తం తీసేస్తారట. ఆ తర్వాత నా నోట్లోంచి అక్షరం రాదు. స్టేషన్లో మైకు ముందు కూర్చుని జుట్టు నెరిసినదాన్ని నేను. బండి నాలుగు గంటలు ఆలస్యమని నేను చెబితే జనం తిట్టుకోకుండా వినేవాళ్ళు. ఇంట్లో నాకు మైకు అన్న పేరు, మాట మాటకీ ఆగిపోయే నీకు కామా అన్న పేరు పెట్టింది నేనే కదా. ఇక మైకు పోయి కామా మిగులుతుంది. వాక్యమే లేనప్పుడు కామా ఏం చేస్తుందో చూడాలి.

నవ్వడం అయ్యాక అసలు సంగతి చదువు. డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. గొంతు ఉండగానే రోజూ అవసరమయ్యే వాక్యాలన్నీ రికార్డు చేసి పెట్టుకోవాలి. తర్వాత వాటిని ఒక ట్యాబ్‌లోకి ఎక్కిస్తే, కావలసిన వాక్యం మీద వేలు పెట్టగానే అది నా గొంతుతోనే పలుకుతుంది. రికార్డు చేయని వాక్యం మాత్రం చచ్చినా రాదు. అందుకని మూడు వారాలుగా గాజు గదిలో కూర్చుని వాగుతూనే ఉన్నాను. ఆవిడ ఇచ్చిన మర్యాద వాక్యాలు చదివాక, నాకు కావలసినవి నేను చేర్చుకున్నాను. తిట్ల ఫోల్డరు చూసి ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఇదంతా మీ బావ కోసం. ఆయనకి రెండో కన్ను కూడా పోయింది, మతి కూడా నిలవడం లేదు, పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండదు. నేను కాగితం మీద రాసి చూపిస్తే ఆయన చదవలేడు. ఆయనకి నేనంటే నా గొంతే. అది లేకపోతే నేను ఇంట్లో కుర్చీతో సమానం.

డాక్టరమ్మ ఇచ్చిన డిస్కుని ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంకో మూడు డిస్కులు చేసుకున్నాను. అన్నీ ఒకే కప్పు కింద ఉండకూడదు, నిప్పో నీళ్ళో వస్తే అన్నీ కలిసి పోతాయి, ఒకటి ఇంకో ఇంట్లో పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. అందుకే ఆవిడ చేసిచ్చిన మొదటి డిస్కు నీకు పంపుతున్నాను. వేరే ఎవరూ లేక కాదు. మాటలు దొంగిలించాలంటే ముందు మాటాడటం రావాలి కదా, నీ దగ్గరైతే భద్రం.

అందులో ‘కామా’ అని ఒక ఫోల్డరుంది. దాన్ని మాత్రం తెరవకు. ఎప్పుడైనా నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనే వినిపిస్తాను. అప్పుడు నీ మొహం చూడాలి నాకు.

ఉంటాను.
అక్క


ప్రెస్సు పై అంతస్తు, ప్రూఫుల గది
మార్చి చివర

అక్కకి,

పార్సిలు అందింది. సంతకం పెట్టి తీసుకున్నాను, మాట్లాడాల్సిన పని పడలేదు. డిస్కును ఇక్కడి ఇనుప బీరువాలో, అచ్చు కాకుండా ఆగిపోయిన పుస్తకాల మధ్య పెట్టాను. అక్కడికి ఎవరూ చెయ్యి పెట్టరు.

గడ్డ సంగతి చదివి ఏడుపొచ్చిందని రాస్తే మర్యాదగా ఉంటుంది. రాలేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అది నా ఉద్యోగం నేర్పిన అలవాటు. మొదటిసారి అర్థం కోసం, రెండోసారి తప్పుల కోసం. రెండోసారి ఒకటి దొరికింది. నేను నీ నంబరు ఆపేశానని రాశావు, ఎందుకు ఆపేశానో రాయలేదు.

నేను రాస్తాను. అమ్మ చివరి రోజున నువ్వు మంచం పక్కన ఉన్నావు, నేను ఇక్కడున్నాను. ఫోను ఒక్కసారి అమ్మ చెవి దగ్గర పెట్టమని అడిగితే పెట్టావు. నాకు మొదటి అక్షరం దగ్గరే నాలుక పట్టేసింది. అమ్మకి అది కొత్త కాదు, ఆవిడ ఆగేది. ఎంతసేపైనా ఆగేది. నువ్వు ఆగలేదు. “దానికి చెప్పడానికేం లేదమ్మా, ఊరికే చేసింది” అని ఫోను లాక్కున్నావు. సాయంత్రానికి అమ్మ పోయింది. నేను ఏం చెప్పబోయానో నువ్వు ఈ రోజు వరకూ అడగలేదు.

అంతకుముందు మాత్రం ఏం చేశావు? కొట్లో నాకేం కావాలో నువ్వే చెప్పావు. బళ్ళో పాఠం నా బదులు నువ్వే అప్పజెప్పావు. ఉద్యోగానికి పిలిస్తే తోడొచ్చి జవాబులన్నీ నువ్వే ఇచ్చావు, వాళ్ళు ఉద్యోగం నీకిస్తామన్నారు. నా నోటి మీద నీ నోరు ఉంచి నన్ను పెంచావు. దానికి సాయం అని పేరు పెట్టావు.

ఆపరేషన్ బాగా జరగాలని కోరుకుంటున్నాను. బావకి నమస్కారాలు చెప్పు, చెప్పగలిగినన్ని రోజులూ.

కామా


ఇల్లు, మెట్ల పక్క గది
జూన్

కామాకి,

బతికే ఉన్నాను. మెడ మీద చొక్కా గుండీ అంత కన్నం ఒకటి, ఊపిరి అందులోంచే. దగ్గు కూడా చప్పుడు చేయదు. నువ్వు వచ్చి చూసుంటే కడుపు నిండేది.

నీకు ఇంకో సంతోషవార్త. ఇంట్లో నేను చేసుకున్న మూడు డిస్కులూ ఖాళీ.

నిజంగా ఖాళీ కాదు. తెరిస్తే అన్ని వాక్యాల పేర్లూ వరసగా కనిపిస్తాయి. వేలు పెడితే మాత్రం ఏమీ పలకదు. నేను స్క్రీను మీద కనిపించే బొమ్మల్ని డిస్కు మీదికి లాగానట. ప్రతి బొమ్మ మూల చిన్న బాణం ఉంది, ఆ బాణం ఉంటే అది అసలు వాక్యం కాదట, వాక్యం ఎక్కడుందో చూపించే గుర్తు మాత్రమేనట. ఇంటి పేరు రాసిన పలకని పెట్టెలో సర్దుకుని, ఇల్లు సర్దుకున్నాననుకున్నాను. ఒక్కసారి వేసి వినుంటే తెలిసేది. వినలేదు. నా గొంతు నేను వినలేను, ఎప్పుడూ వినలేదు. స్టేషన్లో రికార్డు వేసేటప్పుడు కూడా బయటికి వెళ్ళి నిలబడేదాన్ని. ఊరందరికీ వినిపించినదాన్ని నేను వినకపోవడం వల్ల ఇవాళ ఈ గతి.

అసలు వాక్యాలున్న కంప్యూటరు తుడిచేసి కొట్టువాడికి ఇచ్చేశాను. డాక్టరమ్మ దగ్గర ప్రతి ఉండదు, రోగికి అప్పగించగానే తీసేయడం వాళ్ళ నియమం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను, నాకు తెలుసు, నువ్వు చెప్పనక్కరలేదు.

ట్యాబ్‌లో దాని సొంత గొంతు ఒకటుంది, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు. మొదటి రోజు దాంతో మీ బావని మంచినీళ్ళు కావాలా అని అడిగాను. ఎవరది, ఇంట్లోకి ఎవరొచ్చారని చేతిలో గ్లాసు విసిరేశాడు. ఇప్పుడు రోజంతా గోడ పక్కన నిలబడి మా ఆవిడేదీ అని అడుగుతున్నాడు. నేను ఎదురుగానే ఉంటాను. చెయ్యి పట్టుకుంటే విదిలించేస్తాడు.

నీ దగ్గరున్నది ఒక్కటే అసలు డిస్కు. రేపే పంపు.

అక్క


ప్రెస్సు పై అంతస్తు, ప్రూఫుల గది
జూన్ చివర

అక్కకి,

రేపే పంపు అన్నావు. ఈ మాట నీ డిస్కులో కూడా ఉంది. నిన్న మధ్యాహ్నం విన్నాను. ‘ఇల్లు’ అనే ఫోల్డర్లో, ‘కాఫీ ఏదీ’కీ ‘వెర్రిమొహం వేసుకు చూడకు’కీ మధ్యలో.

అవును, వింటున్నాను. భోజనాల వేళ అందరూ కిందికి వెళ్ళాక ఇక్కడి కంప్యూటర్లో వేసుకుంటున్నాను. ‘కామా’ జోలికి పోలేదు, నీ ఆజ్ఞ కదా. మిగిలినవి ఒక్కొక్కటిగా వింటున్నాను. కంపోజింగు ఫోర్‌మన్ చేతి గడియారం ఇక్కడ మరిచిపోయి మళ్ళీ పైకొచ్చి, ఎంత బంగారం లాంటి గొంతు, ఎవరిదని అడిగాడు. మా అక్కదని చెప్పడానికి నాకు కొంచెం టైము పట్టింది. ఆయన మధ్యలో నా మాట అందుకోలేదు. చివరిదాకా ఆగాడు.

పంపుతాను. కానీ ఏ పుస్తకమూ ప్రూఫు చూడకుండా అచ్చుకి వెళ్ళదు. నీ జీవితంలో ఇక మిగిలిన మాటలన్నీ ఇందులో ఉన్నాయి, తప్పులతో ఎలా వదిలిపెట్టమంటావు?

ఇంకో సంగతి. డాక్టరమ్మ చదివించిన మర్యాద వాక్యాల్లో తప్ప, నువ్వు సొంతంగా చేర్చుకున్న వాటిలో ‘దయచేసి’ అన్న మాట ఎక్కడా లేదు. వెతికి వెతికి చూశాను. అదొక్కటి నీ చేత్తో రాసి పంపు. చూడాలని ఉంది.

కామా


ఇల్లు, మెట్ల పక్క గది
జూలై

కామాకి,

దయచేసి.

చాలా? పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఏమిటో బళ్ళో వ్యాసం రాయమంటే నువ్వు తెల్లకాగితం ఇచ్చొచ్చావు. ఇప్పుడు బాగా వచ్చినట్టుంది.

ఇంతకంటే ముద్దుగా అడగడం నాకు రాదు. ఒక్కటి మాత్రం విను. మీ బావ నీతో ఎప్పుడైనా కఠినంగా మాట్లాడాడా? నీ మాట మధ్యలో అందుకున్నాడా? ఆ మనిషి నిన్న సాయంత్రం ఇంటి గోడలన్నీ తడుముకుంటూ నన్ను వెతికాడు. నేను పళ్ళెం మీద చెంచాతో కొడుతూ వెనకే నడిచాను. ఆ చప్పుడుకి ఆయన ఇంకా భయపడ్డాడు. చివరికి మంచం కింద చెయ్యి పెట్టి వెతికాడు, నేను చిన్న పిల్లనైనట్టు. నాకు ఏడుపు కూడా చప్పుడు లేకుండానే వచ్చింది.

నా మీద కోపం నా మీదే తీర్చుకో. ఆయన కోసం పంపు.

దయచేసి. రెండోసారి రాశాను, అట్టిపెట్టుకో.

అక్క


ప్రెస్సు పై అంతస్తు, ప్రూఫుల గది
ఆగస్టు

అక్కకి,

ఈ ఉత్తరంతో పాటు డిస్కు పంపుతున్నాను. ఇది నువ్వు పంపినది కాదు, నేను దిద్దినది.

నువ్వు పంపినదాన్ని కింది అంతస్తులో కాగితాలు కోసే కత్తి కింద పెట్టాను. పుస్తకాల అంచులు సమంగా నరికే పెద్ద కత్తి అది, చెక్కనైనా తెగ్గోస్తుంది. రెండు సార్లు దించాను. కంప్యూటర్లోకి దించుకున్న ప్రతి కూడా కొత్త డిస్కు తయారవగానే తీసేశాను. కాబట్టి నీ గొంతు ఈ భూమ్మీద ఇప్పుడు ఒకే ఒక్క చోట ఉంది, నీ చేతిలో ఉన్న ఈ డిస్కులో. నీ డాక్టరమ్మ చెప్పినట్టు ఇంకో కప్పు కింద ఒకటి పెట్టుకో. ఈసారి వేసి విను.

ఏమేం తీసేశానో చెప్పడం ప్రూఫ్ రీడరుగా నా ధర్మం. తిట్ల ఫోల్డరు మొత్తం పోయింది. నోర్ముయ్, నీకేం తెలుసు, నేను చెప్పానా లేదా, అలా కాదు ఇలా, ఉండు నేను చెప్తాను, అది అనేదేమిటంటే, ఇవన్నీ పోయాయి. వెక్కిరింపులు, సామెతలు, నవ్వులు పోయాయి. నవ్వులు రికార్డు చేసుకున్నావని చూసి ఆశ్చర్యపోయాను. మూడు రకాలున్నాయి, మూడూ ఎదుటివాళ్ళ మీదే. బావని ముద్దుగా పిలిచే పిలుపు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. అందులోనూ ఆజ్ఞే వినిపించింది. తీసేశాను.

ఏం మిగిల్చానంటే ఇవి. నమస్కారం. సరే. అలాగే. నాకు తెలియదు. నేను వింటున్నాను. దయచేసి కాసేపు ఆగండి. ధన్యవాదాలు. ఇంకా, తొందరేం లేదు, నిదానంగా చెప్పు. ఇది డాక్టరమ్మ చదివించినది కాబోలు, చివర్లో విసుగు వినిపిస్తోంది. అయినా చాలాసార్లు వేసుకుని విన్నాను. నీ గొంతులో ఆ వాక్యం వినడానికి నా వయసంతా పట్టింది. అది నాకోసం కాదని తెలిసినా విన్నాను.

ఇంకొకటి కూడా ఉంచాను. నువ్వు సరదాకి చదివినట్టున్నావు, స్టేషన్లో రోజూ చెప్పేది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మొత్తం డిస్కులో నువ్వు ఒకరిని మన్నించమన్న చోటు అదొక్కటే. అదీ బండి కోసం ఎదురుచూసేవాళ్ళని.

‘కామా’ ఫోల్డరు తెరవలేదు. కంప్యూటర్లోకి దించను కూడా లేదు. అది డిస్కుతో పాటే కత్తి కిందికి వెళ్ళింది. ఎదురుగా కూర్చోబెట్టి, మొహం చూస్తూ వినిపించేది ఎలా ఉంటుందో చిన్నప్పుడే చాలా విన్నాను. నన్ను అనుకరిస్తూ చుట్టాలని నవ్వించేదానివి గుర్తుందా? అమ్మ కూడా నవ్వేసి తర్వాత నా తల నిమిరేది.

నా వాక్యాలు ఇన్నేళ్ళు నువ్వు పూర్తి చేశావు. నీవి నేను ఒక్కసారే పూర్తి చేశాను. లెక్క సరిపోయిందని అనను, మొదలైందని అంటాను.

కామా


ఇల్లు, మెట్ల పక్క గది
సెప్టెంబరు

చెల్లికి,

డిస్కు అందింది. వేసి విన్నాను. నా జీవితంలో మొదటిసారి నా గొంతు నేను చివరిదాకా విన్నాను. ఎంతోసేపు పట్టలేదు.

తాడి తన్నేవాడి తల తన్నేవాడుంటాడని అమ్మ నన్నే అనేది. నా తల తన్నేది నువ్వని అమ్మకి కూడా తోచి ఉండదు. నాకైతే అస్సలు తోచలేదు. ఆ విషయంలో నిన్ను మెచ్చుకుంటున్నాను. వెటకారం కాదు.

మీ బావ సంగతి రాస్తాను, నీకు తెలియాలి. మొదటిరోజు ట్యాబ్‌లో ‘నమస్కారం’ నొక్కాను. ఆయన తల గిరుక్కున నా వైపు తిప్పాడు. తర్వాత మొహం విప్పారింది. వచ్చావా అన్నాడు. ‘అలాగే’ నొక్కాను. ఎక్కడికెళ్ళావు ఇన్నాళ్ళూ అన్నాడు. ‘నాకు తెలియదు’ నొక్కాను. అంతకంటే దగ్గరిది నా దగ్గర లేదు. ఏదైనా ఒక్క మాట తిట్టవే అన్నాడు. నేను స్క్రీను మీది అన్ని వాక్యాల మీదా వేలు తిప్పాను. చివరికి ‘ధన్యవాదాలు’ నొక్కాను.

ఆయన మొహం తిప్పుకున్నాడు. “గొంతు మా ఆవిడదే, మనిషి కాదు” అన్నాడు. అప్పటినుంచీ నన్ను నర్సమ్మా అని పిలుస్తున్నాడు. మర్యాదగా మాట్లాడతాడు, మీరు అంటాడు. భోజనం పెడితే శ్రమ ఇచ్చానంటాడు. రాత్రిపూట మా ఆవిడ ఎప్పుడొస్తుందండీ అని అడిగితే ‘దయచేసి కాసేపు ఆగండి’ నొక్కుతాను. ఆగుతున్నాడు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి పక్క గదిలో నాకోసం ఎదురుచూస్తూ పడుకుంటాడు, నేను ఈ గదిలో పడుకుంటాను. నీ పని బాగా కుదిరింది. ఒక్క అచ్చుతప్పు లేదు.

ఇక ఫోల్డరు సంగతి. చెప్పకూడదనుకున్నాను. చెప్పకుండా ఊరుకుంటే నువ్వు హాయిగా ఉంటావని తర్వాత తోచింది.

అందులో నా గొంతు లేదు. నీది ఉంది.

అమ్మ ట్రంకుపెట్టె అడుగున ఒక పాత టేపు దొరికింది. మామయ్య కొత్తగా టేపురికార్డరు కొన్నప్పటిది. అప్పుడు నీకు నాలుగేళ్ళు నిండలేదు. నీకు ఆ పెద్ద జ్వరం రాకముందు, దాంతో నాలుక పట్టేయకముందు. అందులో నువ్వు ఎలుకకీ గడియారానికీ పెళ్ళి చేస్తున్నావు, నీ సొంత కథ. ఆగకుండా చెబుతున్నావు కామా. ఒక్కచోట కూడా ఆగలేదు. ఏరులా వెళ్ళిపోతున్నావు. ఊపిరి తీసుకోవే అని అమ్మ నవ్వుతుంటే కూడా ఆగలేదు. మధ్యలో నేను ఏదో అందుకోబోయాను. అప్పుడు నువ్వన్నావు, “నోర్ముయ్యవే, నేను చెప్తున్నా కదా” అని. నేను నోరు మూసుకున్నాను. టేపులో ఆ తర్వాత నా గొంతు లేదు. అంతా నువ్వే.

ఆ ముక్క వినేదాకా, నువ్వు అలా మాట్లాడేదానివని నాకే గుర్తు లేదు.

డాక్టరమ్మ టీకి వెళ్ళినప్పుడు ఆవిడ గదిలోని పాత యంత్రంలో పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించాను. ఆ ఒక్కసారి ఆడి టేపు పొడిపొడి అయింది, ఊడ్చి పారేశాను. ఎలాగూ నాలుగు ప్రతులు ఉంటాయి కదా అనుకున్నాను. ఆవిడ వినలేదు. మీ బావ వినలేదు. నేనొక్కదాన్నే విన్నాను.

నీ మీద ప్రేమ పుట్టుకొచ్చి చేశాననుకోకు. ఎందుకు చేశానో నాకూ సరిగ్గా తెలియదు. నీకు వినిపించి నీ మొహం చూడాలనుకున్నాను, అంతే. అది నిన్ను నవ్విస్తుందో ఏడిపిస్తుందో, రెండిట్లో నాకేది కావాలో ఆలోచించలేదు.

నమ్మకపోతే మానేయి. నీ మీద కసి తీర్చుకోవడానికి ఇంత చక్కటి అబద్ధం నేను అల్లగలనని నీకు తెలుసు. నిజమో కాదో చూసుకోవడానికి ఇంకో కప్పు కింద ఇంకో ప్రతి ఉండాలి. కత్తి రెండు సార్లు దించానన్నావు.

అక్క


ప్రెస్సు, కింది అంతస్తు
అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ ప్రూఫులు చూడలేకపోతున్నాను. అచ్చులో కూడా ఎలుకలూ గడియారాలూ కనిపిస్తున్నాయి.

మొదట అబద్ధమే అనుకున్నాను. మూడు రోజులు అలాగే అనుకున్నాను. నాలుగో రోజు కింద కత్తి దగ్గరికి వెళ్ళి కాగితం ముక్కల గోతాలు విప్పాను. చాలావరకు అమ్మేశారు, మూల ఒకటి మిగిలింది. డిస్కు ముక్కలు కొన్ని దొరికాయి. కడిగి, తుడిచి, కంప్యూటర్లు బాగుచేసే కొట్టుకి తీసుకెళ్ళాను. అతను నవ్వాడు. ఏముందమ్మా ఇందులో అని అడిగాడు. నా గొంతు అని చెప్పబోయాను. మొదటి అక్షరం దగ్గరే పట్టేసింది. అతను ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

మామయ్య కొడుకుకి ఉత్తరం రాశాను. టేపురికార్డరు ఉండేదని గుర్తుందట, నన్ను రికార్డు చేశారో లేదో గుర్తు లేదట. డాక్టరమ్మకి రాశాను. ఆవిడకి తెలియదట. ఇంక నువ్వొక్కదానివే.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటావేమో. అను. కాళ్ళే పట్టుకుంటున్నాను. నేను చేసింది చాలా పెద్ద తప్పు. నీకు చేసినదానికంటే బావకి చేసినది ఇంకా పెద్దది. ఆయన ముందు నేను నిలబడలేను. నువ్వు ఏ శిక్ష వేస్తే అది పడతాను. నాకు ఇది ఒక్కటి చెప్పు.

ఆ టేపు నిజంగా ఉందా?

ఉంటే, కథలో ఎలుక ఏమంది? గడియారం పెళ్ళికి ఒప్పుకుందా? నా గొంతు ఎలా ఉంది, సన్నగా ఉందా, గట్టిగా ఉందా? ఒక వాక్యం చాలు. నేను అన్నది అన్నట్టు ఒకే ఒక్క వాక్యం. నువ్వు ఒక్కసారి వింటే మరిచిపోవు, రైళ్ళ వేళలన్నీ నీకు నోటికి వచ్చేవి. ఇది కూడా నీకు గుర్తుండే ఉంటుంది.

అమ్మతో నేను ఏం చెప్పబోయానో నువ్వెప్పుడూ అడగలేదని రాశాను. అడగనక్కరలేదు, చెబుతాను. నన్ను ఆగి వినేదానివి నువ్వొక్కదానివే అమ్మా అని చెప్పాలనుకున్నాను. అంతే. అంత చిన్న వాక్యం.

నువ్వు రమ్మంటే వస్తాను. బావ దగ్గర కూర్చుంటాను. నువ్వు రాసింది ఆయనకి చదివి వినిపిస్తాను, ఎంతసేపు పట్టినా సరే, నీ తిట్లన్నీ చదువుతాను. నా నోటితో నువ్వు మాట్లాడు. అది మనకి అలవాటే కదా.

అక్కా, వింటున్నావా? జవాబు రాయి. దయచేసి.

నీ చెల్లి


ఇల్లు, మెట్ల పక్క గది
నవంబరు

నమస్కారం.

నేను వింటున్నాను. తొందరేం లేదు, నిదానంగా చెప్పు.

నాకు తెలియదు.

దయచేసి కాసేపు ఆగండి.

మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.